పగలని కుండ

ధాత నామ సంవత్సరపు కరువులో, కార్తీక బహుళ తదియనాడు, జాము పొద్దెక్కినప్పుడు మా బండి ఆత్మకూరు దారిలోని సత్రం దగ్గర ఆగింది. నాకు తొమ్మిదేళ్లు. అరుగు మీద ఒక ముసలి కుమ్మరి కొత్త కుండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"కుండ అమ్ముతావా?" అన్నాడు నాయన.

"లేదయ్యా. నా సావుకని చేసి పెట్టుకున్నా."

"అంత తొందరేంది?"

"ఉదయగిరిలో మా వీధిన సారె తిప్పేవాళ్లం నలుగురం. ముగ్గురు పోయినారు. వాళ్ల కుండలు నేనే చేసినా. నాకెవరు చేస్తారు?"

"కుండ మోసి పగలగొట్టేదానికి కొడుకులుండారా?"

అతను కుండను వేలితో కొట్టి చూశాడు. అది ఖంగుమంది. "బాగా కాలినాది" అన్నాడు.

నెల తర్వాత తిరిగి వస్తుంటే అరుగు మీద కుండ ఒక్కటే ఉంది. అతన్ని పదిమందితో కలిపి ఒకే గుంటలో పూడ్చారని సత్రం మనిషి చెప్పాడు.

ఉదయగిరిలోని ఆ వీధికి నలుగురు మనుషులు, నాలుగు సారెలు పోయాయి. కుండ పగలలేదు.