గుంటల సారు

నేను ఇంట్లో కంటే గ్రంథాలయంలో ఎక్కువగా పెరిగాను. చదివింది ఉర్దూ మీడియం. పుస్తకాల తెలుగు నాకు బడి నేర్పలేదు, మహబూబ్‌నగర్ గ్రంథాలయంలో కిటికీ పక్కనున్న బల్ల నేర్పింది. బొగ్గు గురించి, ఆనకట్టల గురించి, ఏ దేశంలో కరెంటు ఎట్లా తయారవుతుందన్న దాని గురించి అక్కడే చదివాను. బి.ఏ. అయ్యాక కరెంటు ఆఫీసులో ఉద్యోగం దొరికితే, ఆ చదువంతా ఇందుకే అనుకున్నాను.

లైను వేస్తే ఏ ఊరు ఎంత కరెంటు వాడుకుంటుందో అంచనా కట్టడం నా పని. లోడ్ సర్వే అనేవారు. ఊళ్లో బావులెన్ని, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, మోట కింద ఎంత భూమి తడుస్తోంది, మోటారు పెడితే ఎంత తడుస్తుంది, ఇవన్నీ తిరిగి చూసి తెలుగులో రాసుకొచ్చేవాణ్ణి. దాన్ని ఇంగ్లీషు చేసి పైకి పంపేది మా ఆఫీసరు. రాష్ట్రం ఒకటయ్యాక డెల్టా నుంచి బదిలీ మీద వచ్చాడు. కాలువ గట్టున పుట్టినవాడు, ఎడ్లు మోట గుంజడం ఎన్నడూ చూడలేదు. రిపోర్టు నేనే ఇంగ్లీషులో రాస్తానని ఒకసారి అడిగాను. గ్రంథాలయంలో ఏమేం చదివానో కూడా చెప్పాను.

"చదవడం వేరు, రాయడం వేరండీ. ఉర్దూ మీడియం ఇంగ్లీషు పైకి పంపితే నా పరువేం కావాలి?" అన్నాడు. పక్క బల్లవాళ్లు నవ్వారు.

ఆ ఏడాది నా వంతుకు వచ్చిన ఊళ్లలో, జడ్చర్లలో బస్సు దిగి లోపలికి నడిచి పోవాల్సిన మా మేనమామ ఊరు ఒకటి. మామకు ఒక మోటబావి, కొన్ని గొర్లు, ముసలివైపోయిన ఎడ్లజత ఉండేవి. బావిలో నీళ్లకు కొదవ లేదు. పైకి తెచ్చే సత్తువే లేదు. నేను బావి లోతు కొలుస్తుంటే మామ వెనకాలే తిరిగాడు.

"అల్లుడా, కరెంటొస్తదా? నిజం చెప్పు. ఎడ్లు ఇగ గుంజయి. వస్తదంటే కొత్త జత కొన, మోటరే కొంట."

"ఈ ఊరికి రాకపోతే ఏ ఊరికీ రాదు మామా," అన్నాను. మర్యాదకు అన్న మాట కాదది, లెక్క అదే చెబుతోంది.

"ఇన్నవా?" అని అత్తను కేకేశాడు. "మనోడు రాస్తాండు. ఇగ ఫికర్ లేదు!"

"రాసుడు గాదు, ముందుగాల తినుమను. సన్నగ పుల్లోలె అయిండు," అంది అత్త.

ఆ ఊరి గురించి నేను రాసిన వాక్యం నాకిప్పటికీ గుర్తుంది: 'బావుల కింద ఇప్పుడు గుంటలే ఉన్నాయి, కరెంటు ఇస్తే ఎకరాలు అవుతాయి.' రాశాక నాకే ముచ్చటేసింది. మా వైపు చిన్న పిల్లవాడికైనా అర్థమయ్యే మాట. నలభై గుంటలైతే ఒక ఎకరం. ఎకరాల భూమి ఉండి, నీళ్లందక గుంటల్లో సేద్యం చేసుకుంటున్నారని నా భావం.

మామ గొర్లు సగం అమ్మి మోటారు కొన్నాడు. బావి ఒడ్డున దానికోసం రాతిగోడలతో చిన్న కొట్టం కట్టాడు.

మంజూరైన ఊళ్ల జాబితా ఆఫీసుకు వచ్చిన రోజు చూస్తే, అందులో మామ ఊరు లేదు. పక్క ఊరు ఉంది. ఎందుకో అర్థం కాక టైపు ప్రతి తీసి చూశాను. ఇంగ్లీషులో నా గుంటలన్నీ నీటి మడుగులైపోయాయి. ఊరి నిండా మడుగులున్నందున పంపుసెట్ల అవసరం అంతగా లేదని, మడుగులు ఎకరాలెట్లా అవుతాయో అంతుపట్టక కాబోలు, ఎకరాల కొద్దీ పొలానికి అవే చాలునని రాసి ఉంది.

ఆఫీసరు దగ్గరికి పోయాను.

"సార్, గుంట అంటే మడుగు కాదు. భూమి కొలత."

"గుంటంటే గుంటేనండీ. మా ఊళ్లో గేదెలు పొర్లాడతాయి అందులో."

"మా దగ్గర ఎకరంలో నలభయ్యో వంతు సార్."

"భూమైతే సెంట్లలో రాయాలి. సెంట్లు తెలీవా మీకు? ముందు తెలుగు నేర్చుకోండి, తర్వాత సర్వే చేద్దురుగాని."

"తప్పు దిద్ది పంపితే..."

"పైకి వెళ్లిన ఫైలు వెనక్కి పిలిచి, మావాడికి తెలుగు రాదని రాయమంటారా?"

ఎవరికి తెలుగు రాదని రాయాలి, నాకా, ఆయనకా? సాయంత్రం గ్రంథాలయానికి పోయి నిఘంటువు తీశాను. పిల్లల చదువుల కోసం అచ్చు వేసిన నిఘంటువు, అక్కడున్నది అదొక్కటే. గుంట: గొయ్యి, పల్లం, చిన్న మడుగు. అంతే. మా తాతలు భూమి పంచుకున్న మాట అందులో లేదు. పక్క బల్లవాళ్లు నవ్వినప్పటికంటే అప్పుడు ఎక్కువ అవమానమనిపించింది. నేను ఇల్లనుకున్న చోట నా మాటకు చోటు లేదు.

ఈ సంగతి ఆఫీసులో నవ్వులాటై, బస్సు కండక్టర్ల నోట పడి, నాకంటే ముందే ఊరు చేరింది.

మరుసటి ఎండాకాలం మామను చూడ్డానికి పోయాను. పక్క ఊరికి పోయే కరెంటు తీగలు మామ పొలం మీదుగానే పోయాయి. గట్టు మీద ఒక స్తంభం కూడా పాతారు. ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. మడి నెర్రెలు బారింది. మోటారు గోనెసంచిలో చుట్టి ఇంట్లో మూలన పడి ఉంది. దాని కొట్టంలో గొర్రెపిల్లలు కట్టేసి ఉన్నాయి.

"గుంటల సారొచ్చిండు," అంది అత్త. అన్నం తిన్నవా అని అడగలేదు.

మామ స్తంభం నీడలో కూచుని ఉన్నాడు. అది మనిషికి చాలే నీడ కాదు. నేను మడుగుల సంగతి మొదటినుంచి చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మా ఊరినిండ నీళ్లేనట గద అల్లుడా," అన్నాడు. "యాడున్నయో జర చూపియ్యి, తాగుత. దూపైతాంది."