బావ పాడని లైను

ఆ కుర్రాళ్ల బృందంలో నలుగురూ పాటను తలా ఒక లైను పంచుకునేవారు. మూడోది మనవాడిది, నాలుగోది వాళ్లక్క మొగుడు, బావది. తన లైను అవగానే మనవాడు మైకు దించి, ఒక అడుగు వెనక్కి వేసి, జుట్టు సర్దుకునేవాడు. తొమ్మిదేళ్లు అదే పని. స్నానాల గదిలో ఒక్కడే పాడుకున్నా నాలుగో లైను దగ్గర నోరు దానంతటదే మూతపడేది.

ఒకరోజు మేనేజరు మనవాణ్ణి ఒక్కణ్ణే కాఫీకి పిలిచాడు. జనం నీ మొహం చూసే వస్తున్నారు, ఇక విడిగా పాడమన్నాడు. మరి బావ సంగతేమిటంటే, అంత పొట్టకు పోస్టరులో చోటు లేదన్నాడు. మనవాడు గట్టిగా కాదనలేదు, మెత్తగానూ కాదనలేదు. బావను వదలనని అక్కకు వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టాడు. బావ ఫ్రిజ్‌లు అమ్మే కొట్లో చేరాడు.

మొదటి సోలో కచేరీకి ఎనిమిది వేలమంది వచ్చారు. మనవాడు పాత పాటే ఎత్తుకున్నాడు. మూడు లైన్లూ బాగానే పాడాడు. తర్వాత మైకు దిగింది, అడుగు వెనక్కి పడింది, చెయ్యి జుట్టు మీదికి పోయింది. పక్కన పాడేవాడు లేడని తట్టేసరికి మైకు మళ్లీ ఎత్తబోయాడు. ఈలోగా జనమే ఆ లైను అందుకున్నారు.

అభిమానులకు పాటనే పంచి ఇచ్చిన పెద్దమనసు అని పేపర్లు రాశాయి. ప్రతి కచేరీలోనూ అక్కడ ఆగి తీరాలని మేనేజరు ఒప్పందంలో రాయించాడు. మనవాడు అద్దం ముందు నిలబడి మర్చిపోవడం సాధన చేశాడు. పేరు మోగిపోయింది.

అక్క ఫోన్ చేసింది. "ఏరు దాటాక తెప్ప తగలేశావు, సరే. ఆ బూడిద కూడా అమ్ముకుంటున్నావేంట్రా?"

మనవాడు ముందు వరస టిక్కెట్లు రెండు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు.

"బావా, నిజంగా అలవాటులో ఆగిపోయాను. నువ్వు పక్కనే ఉన్నావనుకున్నా."

"ఆ ముక్క నాకెందుకు? కచేరీలో ఆ జనానికి చెప్పు," అన్నాడు బావ.

చెబుతానని మాటిచ్చాడు.

ఆ కచేరీకి ఇద్దరూ వచ్చారు. మూడో లైను అయింది, మైకు దిగింది. హాలంతా నాలుగోది అందుకుంది. అక్క కూడా పాడేస్తోంది, తనకు తెలియకుండానే. బావ పెదవులు మాత్రం కదల్లేదు.

చప్పట్లు ఆగాయి. బావ తలెత్తి మనవాడి వంకే చూస్తున్నాడు. మైకు చేతిలోనే ఉంది, మాట నాలుక మీదే ఉంది.

"మీరే నా బలం," అన్నాడు మనవాడు జనంతో.

బావ వంగి, కుర్చీ కింద పెట్టుకున్న గొడుగు కోసం తడుముకున్నాడు.