గాజు గుల్లకు ఇంటిపేరు

ఆ శనివారం వనపర్తిలోని మా ప్రైవేటు డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉన్నవాళ్లు: అక్కడ పాఠాలు చెప్పే నేను, ప్రిన్సిపాల్, రైసుమిల్లు నడుపుతూ కాలేజీ కూడా నడిపే యజమాని, ఆయన బావమరిది. ఉన్న వస్తువులు: కాలేజీ మొత్తానికి ఒకే ఒక్క మంచి మైక్రోస్కోపు, దానికి కలిపిన కంప్యూటరు, నా గాజు పలకల (స్లైడ్ల) పెట్టె, నాలుగు కప్పుల చాయ్. ల్యాబులోకి చాయ్ తేవద్దని గోడ మీద రాసి ఉంది. రాయించింది ప్రిన్సిపాలే.

తెర మీద ఉన్నది రేడియోలేరియా. సముద్రంలో తేలే ఏకకణ జీవి. చచ్చాక దాని గాజులాంటి గుల్ల అడుగు మట్టిలో కలుస్తుంది. ఎమ్మెస్సీ చదివేటప్పుడు తెచ్చుకున్న హిందూ మహాసముద్రపు మట్టిలో నాకిది దొరికింది. గుల్లకు మూడు గదులు. రెండో గదిలో రంధ్రాలు వరుస తప్పి ఉంటాయి. అడుగున కాళ్లలాంటి ముళ్లు, దగ్గరి జాతుల్లోలా మూడు కాదు, నాలుగు. ఇంతవరకూ వర్ణించిన ఏ జాతిలోనూ ఈ లక్షణాలన్నీ కలిసి లేవు. ఒక పరిశోధన పత్రికకు వ్యాసం రాసి పంపాను. కనీసం ముప్పై గుల్లల కొలతలు ఇస్తేనే కొత్త జాతిగా అచ్చు వేస్తామన్నారు. గడువు నెల. అటు గద్వాలలో, ఇటు నాగర్‌కర్నూల్‌లో వెతికాను, ఆ కొలతలు తీయగల మైక్రోస్కోపు ఇంకొకటి లేదు.

జాతికి పేరు ఇంకా పెట్టలేదని ప్రిన్సిపాల్‌తో అన్నాను. ఆయన ఆ మాటను చాయ్ కంటే వేడిగా యజమానికి అందించాడు.

"మా నాయన పేరు పెట్టు తమ్మీ," అన్నాడు యజమాని.

పెట్టవచ్చన్నాను. శాస్త్రీయ నామంలో రెండో పదం మనిషి పేరు మీద ఉండవచ్చు. మొదటి పదం ప్రజాతిది, అంటే దగ్గరి జాతులన్నీ చేరిన గుంపుది. అది ముందే ఉంది, మార్చలేం.

"గట్లెట్ల? ముందు ఇంటిపేరు, ఎన్క మనిషి పేరు. గంతే గదా? పేరు మా నాయనది, ఇంటిపేరు ఇంకెవరిదో అయితే జనం ఏమనుకుంటరు?"

"దత్తు పోయిండనుకుంటరు బావా," అన్నాడు బావమరిది.

ప్రిన్సిపాల్ నవ్వలేదు. ఇరవై ఏళ్లుగా జంతుశాస్త్రం చెప్తున్న మనిషి. "ఏదన్న సూడు సారూ, జర అడ్జస్ట్ చెయ్యి," అన్నాడు. ప్రజాతిని అడ్జస్ట్ చేయమన్నాడు.

"కొత్త ప్రజాతి అనాలంటే గుల్ల కట్టుబడే వేరుగా ఉండాలి సార్. లేదు. ఉందని రాయలేను."

యజమాని మళ్లీ తెర వైపు చూశాడు. "ఇంతకీ ఇది ఎంతుంటది?"

"మిల్లీమీటరులో ఎనిమిదో వంతు."

"మల్ల గంత పెద్దగ కనవడ్తుంది?"

"మైక్రోస్కోపు చేసే పని అదే సార్. మీరే కొన్నారు."

బావమరిది తెరకు ముక్కు ఆనించాడు. "నూకల సగం గూడ లేదు బావా."

"మా నాయన పేరు గీ నలుసుకు పెడ్తవా?" అన్నాడు యజమాని. అడిగిందీ ఆయనే, అవమానపడిందీ ఆయనే. సగం తాగిన చాయ్ నా పలకల పెట్టె మీద పెట్టి వెళ్లిపోయాడు. మిగిలిన ఇద్దరూ వెనకే వెళ్లారు.

సోమవారం వచ్చేసరికి మైక్రోస్కోపు ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉంది. "వాడితే పాడైతది సారూ," అని వివరించాడాయన. వాడకపోతే ఏమవుతుందో వివరించలేదు.

హైదరాబాదులో తెలిసినవాళ్లను అడిగాను. గడువులోగా ఎవరి దగ్గరా మైక్రోస్కోపు ఖాళీగా దొరకలేదు. ఉన్న కొలతలతోనే వ్యాసం పంపాను. తిరిగి వచ్చింది.

కొలిచిన గుల్లలు పంతొమ్మిది.