కోసి చూడని అంగీలు

కరోనా పోయిన రెండో పసుపు సీజన్‌ల, నా రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనంగ జరిగిన ముచ్చట ఇది. అప్పుడు నేను ఆర్మూర్‌ల వ్యాపారస్తులు కలిసి నడిపే ఒక గోదాముల సంఘంల స్టోర్స్ ఆఫీసర్‌ను. సంఘం పేరు చెప్పను, అందులున్నోళ్లు ఇప్పటికీ కనవడితే చాయ్ తాపిస్తరు. స్టోర్స్ ఆఫీసర్ అంటే పెద్ద కొలువేం గాదు. తాళం కాడికెళ్లి తార్పాలిన్ దాంక ఏది కొన్నా, వచ్చిన సరుకు అడిగిన సరుకేనా కాదా అని తనిఖీ చేసి, రసీదు పుస్తకంల సంతకం పెట్టాలె. సంతకం పడ్డంక తప్పైనా ఒప్పైనా అది సంఘం సొత్తు.

గా సీజన్‌ల పట్టపగలే, అందరు సద్ది తినే టైముల, ఒకడు గోదాం వెనక బస్తాలు కోసి పసుపు సంచిల నింపుకుంటుంటె మా వాచ్‌మన్ పోశన్న పట్టుకున్నడు. పోశన్న మాక్లూర్ నుంచి సైకిల్ మీద వచ్చేటోడు, నాకంటె రెండేండ్లు చిన్న. ఆ దొంగ చేతిలున్న కత్తి ఇసిరేసరికి పోశన్న మొఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. మోచేతి కింద పదకొండు కుట్లు పడ్డయి. నెల తర్వాత కొలువుకు తిరిగొచ్చిండు గాని రెండు వేళ్లు మడత పడుతలేవు. "ఇంకోపాలి గిట్లయితే బువ్వ కలుపుకునే చెయ్యి గూడ ఉండదు మేడం," అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.

వాచ్‌మన్లకు కత్తి కోతకు ఆగే అంగీలు కొనాలని తీర్మానం అయింది. కొనుగోలు కమిటీల ముగ్గురు అడ్తిదారులు, అంటే రైతుల పసుపు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్లు. అప్పటి ప్రెసిడెంట్ సేటు వాళ్లకు పెద్ద. ఆయన టీవీల చూసినట్టు ఛాతికి కవచమసుంటిది కావాలన్నడు, ఎనక సంఘం పేరు పెద్దక్షరాలతోని రాపియ్యాలన్నడు. నేను లేచి చెప్పిన: కోత వేరు, పోటు వేరు. కత్తి గీస్తే తెగకుండ గట్టి దారంతోని అల్లిన బట్ట ఉంటది, గుచ్చితే మాత్రం అది ఆపలేదు. కత్తి చూడంగనే మనిషి అడ్డం పెట్టేది చేతులు, కాబట్టి మనకు కావాల్సింది చేతులకు, మెడకు. సేటు ఓపికగ విన్నడు. విని, మరి ఎనక పేరెక్కడ రాద్దామని అడిగిండు.

ఇంకొకాయన పసుపు దుమ్ముకు తెల్లబట్ట ఖరాబైతదన్నడు. రంగు మీద గంట సేపు చర్చ నడిచింది. ఆఖరికి పసుపు మరక కనవడకుండ పసుపు రంగే ఖాయం జేసిండ్రు. కత్తి మాట మటుకు మళ్ల ఎవ్వరు ఎత్తలేదు.

హైదరాబాద్ నుంచి ఒక ఏజెంటు శాంపిల్ అంగీ పట్టుకొచ్చిండు. మావోళ్లు పరీక్ష చేసిన తీరు చూడాలె! సేటు దాన్ని రెండు వేళ్ల మధ్యల నలిపిండు, ముక్కు కాడ పెట్టి వాసన చూసిండు, దారం గుంజి పంటితోని కొరికిండు. నలభై ఏండ్లు పసుపు కొమ్ములు విరిచిన చెయ్యి, ఊకె ఎట్లుంటది? తర్వాత హమాలీ లక్ష్మిని పిలిచి బస్తాలు కోసే కత్తితోని ఐదుసార్లు గీయించిండు. తెగలేదు. "మస్తున్నది మాల్," అన్నడు. ఆర్డర్ పోయింది.

నెల రోజులకు పన్నెండు అంగీలు వచ్చినయి, మెరిసే కవర్లల్ల. రూల్ ప్రకారం వచ్చిన లాటుల నుంచి ఒకటి తీసి, కోసి చూసినంకనే సంతకం పెట్టాలె. సేటుతోని ఆ మాటే అన్న. "కొత్త బట్ట కోసుకుంటరా మేడం, అపశకునం! శాంపిల్ చూసినం గద," అన్నడు. ఎల్లుండే పంపిణీ సభ, ఫొటోలు, శాలువాలు. రిటైరై పోయే ముందల ఎందుకు కిరికిరి అనుకున్న. "తనిఖీ చేయడమైనది, నమూనాకు సరిపోయినది," అని రాసి సంతకం పెట్టిన. తనిఖీ చేసింది కవర్లను.

సభల మొదటి అంగీ పోశన్నకే ఇచ్చిండ్రు. వేసుకోమన్నరు. పోశన్న వేసుకోలేదు. దాన్ని పక్కనున్న బస్తా మీద పరిచిండు, లక్ష్మి నడుముకున్న కత్తి అడుక్కున్నడు, అంగీ చెయ్యి మీద ఒక్క గీత గీసిండు. అది ఈ కొస నుంచి ఆ కొస దాంక తెరుచుకున్నది. పసుపు రంగు మటుకు అసలుదే.

పోశన్న మెల్లగ అన్నడు: "సేటూ, రైతు బస్తా తెస్తే మీరు పైనున్న కొమ్ములు చూసి కొంటరా? అడుగుదాంక కోసి చూస్తరు గద. నా చెయ్యి బస్తాకంటె అగ్గువనా?"

మర్నాడు కమిటీ అర్జెంటుగ కూసుంది. సరుకు నకిలీదెట్లయిందని కాదు, సంఘం ఆస్తిని సభల కోసినోడి మీద ఏం చర్య తీసుకోవాలని. పోశన్నది కాంట్రాక్టు కొలువు. మెమో పోతే కొలువు పోయినట్టే. మెమో రాసే పని నాకే అప్పజెప్పిండ్రు. సరుకు మంచిదే అనడానికి వాళ్ల కాడ ఉన్న సాక్ష్యం ఒక్కటే, నా సంతకం.

కాగితం ముందల పెట్టుకొని మధ్యాహ్నం దాంక కూసున్న. సిగ్గనిపించింది. వాణ్ణి కొట్టిన దొంగ కత్తితోనన్న వచ్చిండు, నేను పెన్నుతోని వచ్చిన. ఆఖరికి రెండు వాక్యాలు రాసి సేటు టేబుల్ మీద పెట్టిన. "తనిఖీ చేయకుండ చేసినట్టు సంతకం పెట్టినది నేను. లాటును రూల్ ప్రకారం తనిఖీ చేసినది పోశన్న ఒక్కడే."

మెమో నాకొచ్చింది. రిటైరయ్యే రోజు దాంక నా ఫైలుల ఉన్నది. పదకొండు అంగీలు ఏజెంటుకు వాపస్ పోయినయి. రెండోసారి లాటు వచ్చిననాడు సేటు కవర్లు విప్పలేదు, పోశన్నను పిలిచి కత్తి ఇచ్చిండు. పోశన్న మూడు అంగీల మీద గీసిండు, తెగలే. అప్పుడు సంతకం పెట్టిన.

రక్షణ బట్టలు కొనేటోళ్లకు నా అనుభవంల నుంచి చెప్పేది ఇదే. శాంపిల్ మీద కాదు, వచ్చిన లాటు మీద కత్తి పెట్టాలె. ఆ కత్తి, అంగీ వేసుకునేటోడి చేతిల ఉండాలె.