పాలోంబ అవ్వ లేవదు

ఇజ్రాయెల్‌లోని హోలోన్‌లో మా అపార్ట్‌మెంటు ముందున్న బెంచీ మీద కూర్చుని, తొంభై దాటిన పాలోంబ అవ్వ రోజూ ఒక్కతే అచ్చనగాయలు ఆడుతుంది. గాయలంటే ఆప్రికాట్ గింజలు. ఆమె అరచేతుల్లో అరిగి అరిగి నల్లబడ్డాయి. చేతులు ఆడుతున్నా చూపు మాత్రం వీధి మలుపు మీదే ఉంటుంది. లారీ చప్పుడు వినబడితే చాలు, ఏదీ పడకపోయినా, పడ్డ గింజను వెతుకుతున్నట్టు బెంచీ కిందికి వంగిపోతుంది.

హోలోకాస్ట్ మృతుల స్మారక దినాన, ఏటా లాగే, పొద్దున సైరన్ మోగింది. బస్సు ఆగింది, డ్రైవరు దిగి తలవంచుకున్నాడు, వీధంతా ఉన్నచోటే నిలబడిపోయింది. అవ్వ మాత్రం బెంచీ కిందికి వంగింది. బెంచీ పక్కనే నిలబడ్డ పై అంతస్తు ఓరిత్‌కి ఒళ్ళు మండింది.

"లే అవ్వా, అందరూ చూస్తున్నారు! పోయినవాళ్ళ కోసం ఆమాత్రం నిలబడలేవా?" అని పళ్ళు బిగించి గదమాయించింది.

"చిన్నప్పుడు గ్రీసులో, సలోనికాలో మా వాకిట్లో ఆడుకుంటున్నాం," అంది అవ్వ, తల ఎత్తకుండానే. "జర్మన్లు ఈల ఊదారు. నా గింజ మెట్ల కిందికి దొర్లితే, దాని కోసం నేను దూరాను. రేనా, జోయా, ఎస్తేరినా బుద్ధిగా లేచి నిలబడ్డారు. నిలబడ్డవాళ్ళనే లారీ ఎక్కించారు."

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. బెంచీ కింద నుంచి ముడతల చెయ్యి ఒకటి వచ్చి, ఓరిత్ గౌను అంచు పట్టి కిందికి గుంజింది.

"ఇంకా ఊదుతున్నారే, పిచ్చిదానా! వంగు."