ఇంజను దాహం

నా చిన్నప్పుడు ఒక పూటంతా, మా అమ్మమ్మ నన్ను బలి ఇవ్వడానికి తీసుకెళ్తోందని నమ్మాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా అందులోనూ రాయలేదు. అమ్మమ్మ వింటే తట్టుకోలేదని భయం.

అవి నిజాం ఏలుబడి చివరి రోజులు. మా ఇబ్రహీంపట్నంలో చిన్నబడి దాటితే పైచదువుకు హైదరాబాదు పోవలసిందే. మా పెద్దమామ అలా పోయి, అక్కడ గత్తర, అదే కలరా తగిలి, తిరిగి రాలేదు. అందుకే అమ్మమ్మ చిన్నమామను ఊరు దాటనివ్వలేదు. అతను పాత తాళం కప్పలు విప్పి బిగించుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చునేవాడు. అంతలో సర్కారువారు, యంత్రాల పని నేర్పే మరపని చదువు జిల్లాల్లోనూ దొరకాలని, మా ఊరి చివర ఒక బడి తెరిచారు. పొద్దున పోయి మాపటికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. మామ నవ్వగా చూసింది నేనప్పుడే.

కానీ ఆ బడికి నూనెతో నడిచే ఇంజను వచ్చింది. "ఇనుము ఊకెనే తిరుగుతదా? ఒక పిల్లనన్న మింగుతది" అని బావి దగ్గర ఒకామె అన్నది. ఆ మాట నేనూ విన్నాను. ఇంజనును శాంతింపజేస్తే తప్ప కొడుకును పంపనని అమ్మమ్మ పట్టుబట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నాకు తలంటింది. కాళ్లకు పసుపు రాసి, జడలో వేపమండ తురిమి, "పా, ఇంజను కాడికి పోదాం" అన్నది. పోచమ్మ దగ్గర మేకను ముస్తాబు చేయడం నేను చూసినదాన్నే. పసుపు పూసి, వేపమండ కట్టి, వీపు మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితే తల్లి ఆ బలికి ఒప్పుకున్నట్టు లెక్క. తడిజడ నుంచి ఒక నీటిబొట్టు నా వెన్ను మీదికి జారింది. వణకకూడదని పళ్లు బిగబట్టాను. బడిలో చేరబోయే చిన్నమామ ముందు పోతుంటే, దారి పొడుగునా అలాగే నడిచాను.

రేకుల కొట్టంలో ఇంజను డబడబా కొట్టుకుంటోంది. కాళ్ల కింద నేల అదురుతోంది. అమ్మమ్మ, అమ్మవారిని చల్లబరచడానికి పోసినట్టే, పసుపు, వేపాకు వేసిన సాకనీళ్ల చెంబు ఎత్తి దాని మీద పోయబోయింది. పని నేర్పే ఉస్తాదు ఒక్క ఉరుకున వచ్చి చెంబు పట్టుకున్నాడు.

"పొయ్యకు పెద్దమ్మా! కాగిన ఇనుము మీద సల్లనీళ్లు పడితె పలిగిపోతది!"

"సాక వద్దంటవా? అయితె ఇది ఎవలను మింగుతది? పారా కొడుకా, ఇంటికి పోదాం!"

చిన్నమామ మొహం పాలిపోయింది. పని నేర్చుకునే కుర్రాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉస్తాదు ఆ వైపు ఒక్క చూపు చూసేసరికి నవ్వు ఆగింది. ఆయన నెమ్మదిగా ఇంజను పైనున్న తొట్టి చూపించాడు. అందులో నీళ్లు తెర్లుతూ ఆవిరి కక్కుతున్నాయి.

"నువ్వన్నది అబద్ధం కాదు పెద్దమ్మా. దీనికి మస్తు దాహం. గీ నీళ్లు మరిగి మరిగి తగ్గుతయ్. తాపకుంటె చస్తది. గిండ్ల పొయ్యి, జర మెల్లగ."

అమ్మమ్మ కాస్త వంగి ఆ ఆవిరిని చూసింది. తర్వాత చెంబు నా చేతికిచ్చింది.

"నువ్వు పొయ్యి. పిల్లల చేతి నీళ్లు సల్లగుంటయనే నిన్ను తోలుకొచ్చిన."

అందుకా! అప్పుడు వణికాను, మేకలాగే ఒళ్లంతా దులిపి. ఉస్తాదు చెంబులోంచి వేపాకు తీసేసి, తన చేయి నా చేతి కింద ఆనించి, సన్నటి ధారగా పోయించాడు. ఇంజను నన్ను మింగలేదు. నీళ్లు మాత్రం తాగింది.

ఇప్పటికీ నలుగురిలోకి పోవాలంటే నాకు గుండె దడ. అయినా భయపెట్టేదాని దగ్గరికి పోయి, దానికి నిజంగా ఏం కావాలో చూడాలని ఆ రోజే తెలిసింది. చాలాసార్లు దానికి కావలసింది చెంబెడు నీళ్లే.

మామను బడిలోనే వదిలి ఇద్దరం తిరిగొస్తుంటే, బావి దగ్గర ఆ ఆడమనిషే వేళాకోళం చేసింది. "ఏందవ్వా, మనుమరాలిని ఇంజనుకిచ్చి రాలే?"

అమ్మమ్మ ఆగింది. నా జడలోని వేపమండ తీసి పారేసి, నన్ను తన కొంగులోకి లాక్కుంది.

"కొడుకును సదువుకిచ్చిన. దీన్ని ఎవ్వలకియ్య."