ఖాసింబీ గారి కీబోర్డులో గాలి

2022 వేసవి. విజయవాడ ఆటోనగర్ దగ్గర నాది ఎలక్ట్రానిక్ కీబోర్డులు బాగుచేసే చిన్న షాపు. ఒకరోజు చల్లపల్లి నుంచి ఖాసింబీ గారు పాత కీబోర్డు ఒకటి తెచ్చారు. యాభై ఏళ్ల మనిషి. అక్కడి నాటక సమాజంలో వాద్యం ఆవిడదే.

"సౌండ్ వణుకుతోందండీ. అయితే నేను చెప్పేదేంటంటే..."

"నేను చూసుకుంటాను కదమ్మా, సాయంత్రం రండి" అని పంపేశాను. చేతినిండా పని ఉంది.

విప్పితే లోపం తేలిగ్గానే దొరికింది. తొమ్మిది వోల్టులు అందాల్సిన బోర్డుకు ఆరే అందుతున్నాయి. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పాడైంది. కొత్తది వేశాను.

సాయంత్రం ఆవిడ ఒక మెట్టు నొక్కారు. స్వరం శుభ్రంగా పలికింది. ఆవిడ ముఖం వాడిపోయింది.

"అయ్యో, ఆ గాలి తీసేశారాండీ?"

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. చేపల వేటకెళ్లిన పడవ తిరిగిరాని కథతో నాటకం వేస్తున్నారట. ఆ వణుకు తుఫాను గాలిలా ఉందని ఆవిడ చివరి సీనంతా దాని మీదే కట్టుకున్నారు. దర్శకుడేమో పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసిన గాలి చాలంటున్నాడు. అదే పెడితే ఇక ఆవిడతో పనుండదు.

"స్టేజీ మీద ఏడ్చే మనిషి రోజుకోలా ఏడుస్తుందండీ. ఆమె ఆగితే గాలీ ఆగాలి. పెన్‌డ్రైవుకేం తెలుసు?"

పారేసిన రెగ్యులేటర్ వెతికి మళ్లీ బిగించాను. ఈసారి అది పూర్తిగా చచ్చిపోయింది. ఇక వోల్టేజీని నేనే కావాలని తగ్గించాలి. కీబోర్డు పక్కన ఒక నాబ్ అమర్చాను. తిప్పేకొద్దీ స్వరం కుంగుతోంది, కానీ ఐదున్నర వోల్టుల కంటే దిగితే మూగబోతోంది. ఆ హద్దు దాటకుండా నాబ్‌కు అడ్డు పెట్టాను. రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఆవిడ బస్సులో వచ్చి పక్కనే కూర్చున్నారు. నేను మీటరు చూస్తుంటే, "ఇంకొంచెం దించండి... ఆఁ, అక్కడ!" అనేవారు.

ప్రదర్శన నాగాయలంక దగ్గర మత్స్యకారుల ఊళ్లో. నన్నూ పిలిచారు. ఎడమ చేత్తో నాబ్ తిప్పుతూ ఆవిడ వాయిస్తుంటే స్వరం కుంగింది, మూలిగింది, ఒక్కసారిగా లేచింది. ముందు వరుసలో ఆడవాళ్లు తమకు తెలియకుండానే కొంగు తల మీదికి లాక్కున్నారు. దర్శకుడు పెన్‌డ్రైవ్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఖాసింబీ గారు నన్ను జనం ముందుకు లాక్కొచ్చి, "ఈ గాలి ఈయన చేసిందేనండీ" అన్నారు. సిగ్గేసింది.

బాగుచేయడమంటే కంపెనీ నుంచి వచ్చినట్టు చేసివ్వడమేనని ఇరవై ఏళ్లు అనుకున్నాను. వాయించే మనిషిని ముందు పూర్తిగా మాట్లాడనివ్వాలని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేను పాడుచేసినదాన్ని, ఒక్క మాటైనా అనకుండా, మళ్లీ నా చేతే చేయించుకున్నారు. ఆ ఓపికకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.